దగ్గితే తల వెనుక నొప్పి: పుర్రె అడుగుభాగం లోపాలు, వదలని తలనొప్పి



తలనొప్పి లేని ఇల్లు లేదు. ఎండలో తిరిగితే తలనొప్పి, వేళకు తినకపోతే తలనొప్పి, రాత్రి నిద్ర చాలకపోతే తలనొప్పి. అమృతాంజనం రాసుకొని, తలకు గుడ్డ బిగించి కట్టుకొని, కాసేపు చీకటి గదిలో పడుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. (ఆ అమృతాంజనాన్ని మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. తలనొప్పితో మనకున్న పరిచయం ఈనాటిది కాదు.)

నెలల తరబడి, సంవత్సరాల తరబడి వదలని తలనొప్పి సంగతి వేరు. అటువంటివాటిలో కూడా ఎక్కువ భాగం మైగ్రేన్, లేదా మెడ, తల కండరాల బిగింపు వల్ల వచ్చేవే. కొద్దిమందిలో మాత్రం కారణం ఎవరూ వెతకని చోట ఉంటుంది. అది పుర్రె అడుగుభాగం, అంటే తల వచ్చి మెడ మీద కూర్చునే చోటు. ఈ సంచికలో దాని గురించి వ్రాయాలని మేము అనుకోవడానికి కారణం మా ఆసుపత్రికి వచ్చిన ఒక సోదరి.

ఆమె వయస్సు నలభైకి దగ్గర. చర్చి గాయక బృందంలో పాడేవారు. నాలుగేళ్ళుగా తలనొప్పి. కళ్ళజోడు రెండుసార్లు మార్చారు. సైనస్ అన్నారు, గ్యాస్ అన్నారు, చివరకు ఇంట్లో దిగులు వల్ల అన్నారు. మా ఓ.పి.లో కూడా ఒక సంవత్సరం పాటు నొప్పి బిళ్ళలు ఇచ్చి పంపాము. ఆ మాట దాచుకోవడం లేదు. ఆమె చెప్పిన ఒక్క విషయాన్ని మేము సరిగా వినలేదు. "అమ్మగారూ, పాటలో పై స్థాయికి వెళ్ళినప్పుడు తల వెనుక పగిలిపోతున్నట్లు ఉంటుంది. దగ్గినా అంతే, నవ్వినా అంతే. ఒక నిమిషంలో పోతుంది" అనేవారు. పాడితే తలనొప్పి రావడమేమిటని మేము నవ్వి ఊరుకున్నాము.

ఒకరోజు ఆమె వేలి మీద బొబ్బతో డ్రెస్సింగ్ గదికి వచ్చారు. ఎలా కాలిందమ్మా అంటే తెలియదన్నారు. చర్మం శుభ్రం చేస్తుంటే సామాన్యంగా ఎవరైనా చేయి వెనక్కు లాక్కుంటారు. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. డ్రెస్సింగ్ చేస్తున్న మా సిస్టరుకు అనుమానం వచ్చి డాక్టరుగారిని పిలిచింది.

మన ప్రాంతంలో నొప్పి తెలియని చేయి అనగానే ముందుగా కుష్టు వ్యాధి గుర్తుకు వస్తుంది. డాక్టరుగారు దానికే చూశారు. ఒంటి మీద మచ్చలు లేవు, మోచేతి దగ్గర నరం ఉబ్బి లేదు. తరువాత రెండు గాజు గొట్టాలలో, ఒకదానిలో వేడినీళ్ళు, ఒకదానిలో చన్నీళ్ళు పోసి చేతికి తాకించారు. ఏది వేడో, ఏది చల్లనో ఆమె చెప్పలేకపోయారు. దూది తాకిస్తే మాత్రం కళ్ళు మూసుకొని కూడా చెప్పారు. తాకిడి తెలుస్తూ, వేడీ నొప్పీ తెలియకపోవడం కుష్టులో సాధారణంగా ఉండే పద్ధతి కాదు. జబ్బు చేతిలో లేదు, మెడలో ఉన్నదని డాక్టరుగారు అన్నారు. ఎం.ఆర్.ఐ. తీయించిన తరువాత తెలిసినది, అది మెడకూ తలకూ మధ్య ఉన్నదని.

తల అడుగున ఏమున్నది?

పుర్రెను బోర్లించిన కుండ అనుకోండి. దాని అడుగు భాగంలో, వెనుక వైపు, ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు, వెడల్పు మూడు సెంటీమీటర్లు. ఇంచుమించు మన చేతి బొటనవేలు పట్టేంత కన్నా కొంచెం పెద్దది. మెదడు నుండి బయలుదేరే వెన్నుపాము ఈ రంధ్రం గుండానే వీపులోకి దిగుతుంది. రంధ్రానికి సరిగ్గా పైన, వెనుక భాగంలో చిన్న మెదడు ఉంటుంది. మనం తూలకుండా నడవడానికి, గ్లాసు తిన్నగా నోటి దగ్గరకు తేవడానికి అదే కారణం.

మెదడు, వెన్నుపాము చుట్టూ ఒక తేటనీరు ఎప్పుడూ తిరుగుతుంటుంది. ఒక సమయంలో ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే గాని, రోజుకు సుమారు అర లీటరు కొత్తగా తయారవుతుంది, అంతే ఇంకిపోతుంది. మనం దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మలబద్ధకంతో ముక్కినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి తలకు చేరుతుంది. అప్పుడు తలలోని నీరు కొంత ఆ రంధ్రం గుండా వెన్నులోకి జారి, వెంటనే తిరిగి వస్తుంది. రోజుకు ఎన్నిసార్లు దగ్గినా మనకు తల పగలకుండా ఉండేది ఈ ఏర్పాటు వల్లనే.

కొందరికి పుట్టుకతోనే పుర్రె వెనుక అడుగు గది ఇరుకుగా ఏర్పడుతుంది. చిన్న మెదడుకు చోటు చాలదు. దాని కింది కొసలు రెండూ ఆ రంధ్రంలో నుండి మెడలోకి దిగి, బిందె మూతిలో గుడ్డ కూరినట్లు అడ్డుపడతాయి. ఆ కొసలను డాక్టర్లు టాన్సిల్స్ అంటారు. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. స్కాన్ రిపోర్టులో టాన్సిల్స్ దిగి ఉన్నవని చూసి, గొంతులోని టాన్సిల్స్ అనుకొని చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్ళినవారిని మేము చూశాము. పేరు ఒక్కటే, వాటికీ వీటికీ సంబంధం లేదు.

ఈ లోపానికి కియారీ లోపమని పేరు. హాన్స్ కియారీ అనే ఆస్ట్రియా దేశపు డాక్టరు ప్రేగ్ నగరంలో పనిచేస్తూ, చనిపోయినవారి శరీరాలను పరీక్షించి 1891లో దీనిని వివరించారు. బ్రతికి ఉన్న మనిషిలో దీనిని తేలికగా చూడగలగడం 1980ల తరువాత, ఎం.ఆర్.ఐ. వచ్చిన మీదటనే. పెద్దవారిలో ఆ కొసలు 5 మిల్లీమీటర్లు, అంతకు మించి కిందికి దిగితే సాధారణంగా ఈ పేరు పెడతారు. మేము చెప్పిన సోదరికి 12 మిల్లీమీటర్లు దిగి ఉన్నాయి.

ఇప్పుడు ఆమె పాట సంగతి అర్థమవుతుంది. పై స్థాయిలో పాడటానికి ఊపిరి బిగపట్టి నెట్టాలి. ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. నీరు కిందికి జారడానికి దారి లేదు. తల వెనుక, మెడ పైభాగంలో ఒక్కసారిగా బిగుసుకుపోయే నొప్పి వస్తుంది, కొద్ది క్షణాలలో, మహా అయితే అయిదు నిమిషాలలో దిగిపోతుంది. కియారీ తలనొప్పికి ఇదే ముఖ్యమైన గుర్తు. ఒక పక్క కణత కొట్టుకుంటూ, వాంతి వస్తున్నట్లు ఉండి, వెలుతురు చూడలేక గంటల తరబడి ఉండే నొప్పి దీని గుర్తు కాదు, అది మైగ్రేన్ పద్ధతి. రోజంతా తల చుట్టూ పట్టీ వేసి లాగినట్లు ఉండేదీ దీని గుర్తు కాదు.

మరి చేయి ఎందుకు మొద్దుబారింది? నీటి దారి మూసుకొని ఉండగా, కొందరిలో వెన్నుపాము మధ్యలోనే నీరు చేరి గొట్టంలాగా ఒక ఖాళీ ఏర్పడుతుంది. దానిని సిరింక్స్ అంటారు. గ్రీకు భాషలో అది పిల్లనగ్రోవి పేరు, మేము రోజూ పట్టుకునే సిరంజి కూడా ఆ మాట నుండే వచ్చింది. నొప్పిని, వేడి చలువలను మోసే నరపు పోగులు వెన్నుపాము నడిమధ్యన దాటుతాయి కాబట్టి అవి ముందు దెబ్బతింటాయి. తాకిడి తెలిపే పోగులు వేరే దారిన పోతాయి కాబట్టి అవి మిగులుతాయి. తరువాత అరచేతి కండలు కరగడం, గుండీలు పెట్టుకోలేకపోవడం మొదలవుతుంది. పిల్లలలో అయితే వెన్ను పక్కకు వంకర తిరగడమే మొదటి గుర్తు కావచ్చు.

ఎముకల లోపం

పైన చెప్పినది మెదడు కిందికి దిగడం. దీనికి తిరగబడిన మరొకటి ఉన్నది, మెడ ఎముక పైకి పోవడం. మెడలో మొదటి ఎముక ఉంగరంలాగా ఉంటుంది. రెండవ ఎముకకు పన్ను ఆకారంలో ఒక కొమ్ము ఉండి, ఆ ఉంగరంలో ఇమిడి తిరుగుతుంది. మనం కాదు కాదని తల అడ్డంగా ఊపగలిగేది అందువల్లనే. ఈ కీలు పుట్టుకతో వదులుగా ఉన్నా, మొదటి ఎముక పుర్రెకు అతుక్కుపోయి ఉన్నా, ఆ కొమ్ము కొద్ది కొద్దిగా పుర్రె అడుగులోకి పొడుచుకొని పోయి మెదడు కాండాన్ని నొక్కుతుంది. దీనిని బేసిలార్ ఇన్వేజినేషన్ అంటారు. వీరిలో చాలామందికి మెడ పొట్టిగా ఉంటుంది, వెనుక జుట్టు మెడ కిందివరకు దిగి ఉంటుంది, తల కొంచెం ఒక పక్కకు వంగి ఉంటుంది. మెడ వెనుక నొప్పి, తలనొప్పితో మొదలై, కాళ్ళు బిర్రబిగుసుకోవడం, నడకలో చెప్పులు జారిపోవడం, మ్రింగేటప్పుడు పొలమారడం వరకు వస్తుంది. ఏ చిన్న దెబ్బకో, జారిపడినందుకో ఉన్నట్లుండి కాళ్ళూ చేతులూ పడిపోవడం కూడా ఉన్నది.

అందువల్ల ఒక మాట గట్టిగా చెప్పాలి. మంగలి షాపులో క్షవరం అయిన తరువాత తల పట్టుకొని అటూ ఇటూ టకీమని మెడ విరిపించుకునే అలవాటు మన మగవారిలో చాలామందికి ఉన్నది. ఆ శబ్దంతో హాయిగా ఉంటుందంటారు. కీలు వదులుగా ఉన్నవారికి ఆ ఒక్క విరుపు ప్రాణం మీదకు తేగలదు. కీలు వదులుగా ఉన్నదో లేదో బయటకు ఎవరికీ కనిపించదు. బాగా ఉన్నవారిలో కూడా ఇటువంటి విరుపుకు మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. మా అభిప్రాయం అడిగితే, ఎవరూ మెడ విరిపించుకోకూడదు. తలనొప్పి ఉన్నవారు అసలే వద్దు. ఈ జబ్బు ఉన్నదని తేలినవారు తల మీద గడ్డిమోపు, నీళ్ళ బిందె, ఇటుకల తట్ట కూడా పెట్టుకోకూడదు.

రిపోర్టులో ఉన్నంత మాత్రాన

ఇంతవరకు చదివి, రేపే స్కాన్ తీయించుకోవాలని అనుకున్నవారు కొంచెం ఆగండి. రెండవ సంగతి వినండి.

ఒక యువకుడు, పట్నంలో ఉద్యోగం చేస్తున్నవాడు, తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో ఎం.ఆర్.ఐ. కవరు. అందులో టాన్సిల్స్ 6 మిల్లీమీటర్లు దిగి ఉన్నాయని ఉన్నది. ఆపరేషన్ చేయకపోతే పక్షవాతం వస్తుందని ఎవరో చెప్పారట, తల్లి ఏడుస్తున్నది. అతని తలనొప్పి ఎలా వస్తుందో కూర్చోబెట్టి అడిగాము. ఒక పక్క కణత, వారంలో నాలుగైదు రోజులు, వెలుతురు పడదు. దగ్గితే తల వెనుక నొప్పి లేదు. చేతులు, నడక అన్నీ బాగున్నాయి. ఎన్ని బిళ్ళలు వేసుకుంటున్నావంటే ముందు సరిగా చెప్పలేదు. తల్లి చెప్పింది, రోజూ ఒకటి, ఒక్కొక్కరోజు రెండు, రెండేళ్ళుగా.

ఏ ఇబ్బందీ లేని మామూలు మనుషులకు ఎం.ఆర్.ఐ. తీసినా, నూటికి సుమారు ఒకరిలో ఈ కొసలు దిగి ఉండటం కనిపిస్తుంది. వారిలో చాలామంది దాని సంగతి తెలియకుండానే నిండు జీవితం గడుపుతారు. మైగ్రేన్ ఉన్నవారు దేశంలో కోట్ల మంది. ఆ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం వింత కాదు, ఒకదానివల్ల మరొకటి వచ్చిందని అర్థం కాదు. అతనికి ఉన్నది మైగ్రేన్. దానిమీద బిళ్ళలు ఎక్కువై వచ్చిన తలనొప్పి. మామూలు నొప్పి బిళ్ళలు నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు నెలకు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ బిళ్ళలే తలనొప్పిని తెస్తాయి. డాక్టరుగారు వాటిని మాన్పించి, మైగ్రేన్ రాకుండా వేరే మందు ఇచ్చారు. మొదటి రెండు వారాలు చాలా బాధపడ్డాడు, తల్లి మళ్ళీ తీసుకువచ్చింది. మూడు నెలలకు నొప్పి నెలకు రెండుసార్లకు దిగింది. మెదడు ఆపరేషన్ అతనికి అవసరం లేకపోయింది.

ఇంకొక పొరపాటు కూడా జరుగుతుంది. వెన్నులో నీరు కారిపోయి తలలో ఒత్తిడి తగ్గినప్పుడు కూడా ఆ కొసలు కిందికి జారి, స్కానులో కియారీ లాగానే కనిపిస్తాయి. ఆ నొప్పి నిలబడితే వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. దానికి చేసే వైద్యం పూర్తిగా వేరు. అందుకనే ఏ మంచి డాక్టరైనా ఫిల్ము చూడటానికి ముందు మనిషిని అడుగుతారు.

పరీక్ష, ఆపరేషన్, తరువాతి సేవ

మెదడు, వెన్నుపాము చూడటానికి ఎం.ఆర్.ఐ., ఎముకలు చూడటానికి సి.టి. స్కాన్ కావాలి. ఎం.ఆర్.ఐ.లో రేడియేషన్ ఉండదు. అయస్కాంతం కాబట్టి గొలుసు, మెట్టెలు, జడపిన్నులు అన్నీ తీయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో ఇనుప ముక్క ఉన్నా ముందే చెప్పాలి. అరగంట పైగా గొట్టంలో కదలకుండా పడుకోవాలి, సుత్తితో కొట్టినట్లు శబ్దం వస్తుంది. భయపడేవారు ముందుగా సిస్టరుతో చెబితే చేతికి బెల్లు ఇస్తారు.

కియారీకి ఆపరేషన్ అంటే మెదడును కోయడం కాదు. ఆ రంధ్రం వెనుక అంచు ఎముకను కొంత తీసి, చాలాసార్లు మెదడు పొరకు ఒక అతుకు వేసి, చోటు పెంచడం. ఎముక పైకి పోయిన జబ్బుకు మొదటి రెండు మెడ ఎముకలను సరిచేసి స్క్రూలతో బిగిస్తారు. ఈ పద్ధతులలో ఒకదానిని ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి సర్జను డాక్టర్ అతుల్ గోయల్ గారు 1994లో ప్రకటించారు, ఇప్పుడు ఇతర దేశాలలో కూడా వాడుతున్నారు. మన వారికి బాగా తెలిసిన వేలూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ జేకబ్ చాండీ గారు 1949లోనే దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించారు. ఇప్పుడు మన పెద్ద పట్టణాలలో కూడా ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ప్రభుత్వ పథకం కార్డు వర్తిస్తుందో లేదో ఆసుపత్రి కౌంటరులో అడిగి తెలుసుకోండి.

ఇంటివారికి మేము నేర్పేది ఎక్కువ ఆపరేషన్ తరువాతనే. మెడకు స్క్రూలు వేసినవారిని పక్కకు తిప్పేటప్పుడు తల, భుజాలు, నడుము మూడూ ఒక దుంగను దొర్లించినట్లు ఒకేసారి తిప్పాలి, ఒక్కరు తిప్పకూడదు. కాలరు డాక్టరు చెప్పేవరకు స్నానానికి కూడా తీయకూడదు. ఆపరేషన్ గాయం నుండి గానీ ముక్కు నుండి గానీ తేటనీరు కారితే, జ్వరం వస్తే, వాంతులైతే ఉదయం వరకు ఆగకుండా తీసుకురావాలి. దిండు తడిగా ఉన్నది, చెమట అనుకున్నామని చెప్పినవారు ఉన్నారు. మలబద్ధకం రాకుండా నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు పెట్టడం కూడా ఇక్కడ వైద్యమే.

దగ్గితే వచ్చే తలనొప్పి ఆపరేషన్ తరువాత చాలామందిలో బాగా తగ్గుతుంది. అప్పటికే కరిగిపోయిన చేతి కండ, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రావడం కష్టం. ఆలస్యానికి వెల అదే. మా సోదరికి తలనొప్పి పోయింది. వేళ్ళకు వేడి మాత్రం ఇప్పటికీ తెలియదు. గిన్నె దించాలంటే ముందు మోచేతితో వేడి చూసి, తరువాత పట్టకారు వాడమని మా సిస్టర్లు నేర్పారు.

తల్లులకు ఒక మాట. ఈ లోపం బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఎముక పెరిగే తీరు వల్ల వచ్చేది. గ్రహణం రోజున బయటకు వచ్చినందువల్ల కాదు, ఏదో తిన్నందువల్ల కాదు, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు తల ఒత్తినందువల్ల కూడా కాదు. (తల ఒత్తవద్దనే మేము చెబుతాము, అది వేరే సంగతి.) కోడలిని నిందించడానికి ఇందులో ఏమీ లేదు. ఈ లోపం ఉన్నదని తెలిసిన స్త్రీ గర్భవతి అయితే, మొదటి చెకప్‌లోనే ఆ కాగితాలు చూపించాలి. కాన్పుకు గానీ, ఏ ఆపరేషనుకు గానీ వెన్నులో సూది వేసే ముందు, మెడ వెనక్కు వంచి మత్తు గొట్టం వేసే ముందు మత్తు డాక్టరుకు ఈ విషయం తెలియాలి.

ఎవరు వెంటనే చూపించుకోవాలి? దగ్గినా, తుమ్మినా, ముక్కినా తల వెనుక నొప్పి వచ్చేవారు. తలనొప్పితో పాటు చేతికి వేడి తెలియనివారు, చేతి పట్టు తగ్గినవారు, తూలేవారు, పొలమారేవారు, నిద్రలో ఊపిరి ఆగినట్లు ఉండేవారు. ఇక ఒక్క క్షణంలో పిడుగు పడినట్లు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ పట్టేసే నొప్పి, చూపు మసకబారే నొప్పి, యాభై ఏళ్ళు దాటిన తరువాత కొత్తగా మొదలైన నొప్పి, వీటికి కారణాలు వేరు. పిడుగులాంటి నొప్పికి, జ్వరంతో వచ్చే నొప్పికి ఆ గంటలోనే రావాలి.

మిగిలినవారు ఓ.పి.కి వచ్చే ముందు ఒక నెలరోజులు తలనొప్పి లెక్క వ్రాయండి. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, తలలో ఏ చోట, ఎంతసేపు, అప్పుడు ఏమి చేస్తున్నారు, ఏ బిళ్ళ ఎన్ని వేసుకున్నారు. చదువు రానివారు పిల్లల చేత వ్రాయించండి. బిళ్ళల ఖాళీ అట్టలు పారేయకుండా కవరులో వేసి తీసుకురండి. మంగళవారం, శుక్రవారం ఉదయం ఓ.పి.లో మా సిస్టర్లు ఆ పుస్తకం చూసి, డాక్టరుగారి గదికి పంపే ముందే అవసరమైనవి గుర్తుపెడతారు.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున